నంబర్ ప్లేటు మీద స్మైలీ ఎందుకు?

బ్రిటన్‌లోని తెలుగు వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు, తెలుగు సంఘాల బాధ్యులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

శనివారం రాత్రి తొమ్మిది దాటాక మన గ్రూపుల్లో ఎలాంటి మెసేజ్‌లు వస్తాయో నాకన్నా మీకే బాగా తెలుసు. సింగిల్ రూమ్ ఖాళీగా ఉంది, వెజిటేరియన్లే కావాలి. వచ్చే వారం హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తుంటే అమ్మ ఇచ్చే ఆవకాయ డబ్బా తెస్తారా. వాటి మధ్యలో ఒక కారు. "అర్జెంట్ సేల్. ఇండియా వెళ్లిపోతున్నాం. ఫ్యామిలీ కారు, బాగా చూసుకున్నాం. ఎంఓటీ ఇంకా పది నెలలుంది. 1,800 పౌండ్లు, కొంచెం తగ్గిస్తాం." (ఎంఓటీ అంటే ఇక్కడ పాత కార్లకి ఏటా చేసే భద్రతా పరీక్ష.) కింద నాలుగు ఫొటోలు. శుభ్రంగా కడిగి, పార్కు పక్కన నిలబెట్టి తీసినవి. నాలుగింటిలోనూ నంబర్ ప్లేటు మీద పసుపుపచ్చ స్మైలీ.

ఆ స్మైలీ గురించే ఈ ఉత్తరం.

మీ గ్రూపులో ఎవరు కారు అమ్మకానికి పెట్టినా పూర్తి రిజిస్ట్రేషన్ నంబరు రాయాలనీ, నంబరు లేని ప్రకటనను మీరు తీసేయాలనీ అడుగుతున్నాను. కమిటీలు వద్దు, ఎవరినీ విచారించనక్కర్లేదు. నంబరు ఒక్కటి ఉంటే చాలు. మిగతా కథంతా ఆ కారే చెబుతుంది.

ఎలా చెబుతుందో మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే 2019లో నాకూ తెలియదు.

ఆ ఏడాది జనవరిలో ఉద్యోగం మీద కోవెంట్రీ వచ్చాను. పొద్దున ఆరు గంటల షిఫ్టు, ఆ వేళకి మా వైపు బస్సు లేదు. మన ఇండియా లైసెన్సు మీద ఇక్కడ ఏడాది పాటు నడపొచ్చని తెలిసి, ఫిబ్రవరిలో కారు వెతుకులాట మొదలుపెట్టాను. గ్రూపులో ఒకటి కనబడింది. 08 ప్లేటు, అంటే 2008 మార్చి, ఆగస్టు మధ్య రిజిస్టరైన చిన్న కారు. 1,450 పౌండ్లు. అమ్మే అన్నదీ నాదీ ఒకే జిల్లా అని తేలింది. టీ ఇచ్చారు. వాళ్లావిడ ఉప్మా పెట్టింది. కారు చుట్టూ ఒకసారి తిరిగాను, టైరును కాలితో తన్నాను. ఎందుకు తన్నానో ఇప్పటికీ తెలియదు, కార్లు కొనేవాళ్లు అలా తంతారని ఎక్కడో చూశాను. "ఎంఓటీ నవంబరు దాకా ఉంది తమ్ముడూ, నీకు టెన్షన్ లేదు" అన్నారాయన. సరే అన్నాను.

ఎంఓటీ అంటే మన ఎఫ్‌సీ, అదే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, లాంటిదేనని అనుకున్నాను. ఖమ్మంలో మా బాబాయికి లారీ ఉండేది. ఎఫ్‌సీ రోజు మా ఇంట్లో పండగ హడావిడి. బండికి రంగు, ముందూ వెనకా కొత్త రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, నిమ్మకాయలు. స్నేహితుడి బండి నుంచి రెండు మంచి టైర్లు విప్పి తెచ్చి బిగించేవాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూశాక సాయంత్రానికి ఆ టైర్లు ఎవరివి వాళ్లకి వెళ్లిపోయేవి. కాగితం మీద మాత్రం బండి ఫిట్. నా బుర్రలో పరీక్ష అంటే ఆ ఒక్క రోజు సంగతి. పాసైందా, ఎప్పటిదాకా చెల్లుతుంది, అంతే. నిన్న ఏం జరిగిందో, నిరుడు ఇన్‌స్పెక్టర్ ఏం చెప్పాడో ఎవరూ అడగరు, అడిగినా దొరకదు. సొంత కార్లకైతే మన దగ్గర పదిహేనేళ్లు నిండేదాకా ఆ పరీక్ష ఊసే లేదు. కాబట్టి పాత కారు కొనేటప్పుడు ఆర్‌సీ చూస్తాం, చలాన్లు చూస్తాం, ఇన్సూరెన్సు చూస్తాం, తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్తాం. ఇంజిన్ శబ్దం విని ఆయన తల ఊపితే కొంటాం.

నవంబరులో ఎంఓటీకి తీసుకెళ్లాను. గంట తర్వాత ఫోన్. కారు ఫెయిల్. వెనక బ్రేక్ పైపులు తుప్పు తినేసి పలచబడ్డాయి. వాటికి "డేంజరస్" అని పెట్టారు. అంటే బాగుచేసేదాకా ఆ కారును రోడ్డు మీదకి తీయకూడదు. తలుపుల కింద పొడవునా దూలంలా ఉండే భాగాన్ని ఇక్కడ సిల్ అంటారు. అది సీటు బెల్టు బిగించే చోటుకి దగ్గరలో చిల్లిపడింది. బాడీకి మరీ ముఖ్యమైన బిగింపులు ఉన్నచోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపు అలా తుప్పు తినేస్తే ఫెయిల్. రిపేరుకి 1,100 పౌండ్లు అవుతుందన్నారు.

గ్యారేజీ ఆయనకి అరవై పైనే ఉంటాయి. నా ముఖం చూశాడో ఏమో, కౌంటర్ మీది కంప్యూటర్ స్క్రీన్ నావైపు తిప్పాడు. కొనేముందు ఇది చూశావా అని అడిగాడు. కారు నంబరు కొట్టగానే ఒక్కో ఏడాదీ వరసగా కిందికి పరుచుకుంది. 2015: వెనక బ్రేక్ పైపులకి కొద్దిగా తుప్పు, అడ్వైజరీ (అంటే ఫెయిల్ చేయకుండా ఇచ్చే హెచ్చరిక). 2016: మళ్లీ అదే మాట. 2017: బ్రేక్ పైపుల మీద గ్రీజో మరోటో పూసి ఉంది, కనుక కింద ఎలా ఉందో చూడలేకపోయాం. 2018: మళ్లీ గ్రీజే, దానికి తోడు సిల్ తుప్పు, వెనక స్ప్రింగులకి తుప్పు, ఇంజిన్ నుంచి ఆయిల్ కారుతోంది కానీ ఎక్కువ కాదు. ఇవన్నీ ఉండగానే పాసైంది. నాకు ఉప్మా పెట్టిన నాటికి ఈ జాబితా మూడు నెలల పాతది. దాన్ని ఎవరూ దాచలేదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ఎవరైనా ఉచితంగా చూసేలా, పట్టపగలు ఉంది.

2017 నాటి ఆ గ్రీజు ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. టెస్టరుకి ఏ భాగాన్నీ విప్పి చూసే అధికారం లేదు. కంటికి కనిపించిందే చూడాలి. తుప్పు మీద దట్టంగా గ్రీజు పూస్తే అది రక్షణ కోసమూ కావచ్చు, కప్పిపుచ్చడానికీ కావచ్చు. టెస్టరు చేయగలిగిందల్లా కనబడలేదని రాసిపెట్టడమే. ఆయన రాశాడు. నేనే చదవలేదు.

కారును తుక్కుకి ఇస్తే 180 పౌండ్లు వచ్చాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ అన్న నన్ను మోసం చేశారని నేను అనను. తర్వాత ఫోన్ చేస్తే ఆయనకీ ఆ వెబ్‌సైట్ సంగతి తెలియదు. ఆయన కూడా ఏడాదిన్నర కిందట ఇదే గ్రూపులో, ఇండియా వెళ్లిపోతున్న మరో మనవాడి దగ్గర, ఇలాగే టీ తాగి కొన్నారు. మన ఆర్‌సీ లాంటి లాగ్‌బుక్‌లో అంతకుముందు ఎంతమంది పేరు మీద తిరిగిందో ఉంటుంది కదా, చూస్తే ఆరుగురు. చివరి ముగ్గురం మనవాళ్లమే. తుప్పు పెరుగుతూ పోయింది, నమ్మకం చేతులు మారుతూ పోయింది. చివర్లో ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి తగిలింది. అందుకే ఈ లేఖ అమ్మేవాళ్లకి కాకుండా మీకు రాస్తున్నాను. ఒకరిద్దరు దొంగల్ని పట్టుకోవడం గురించైతే పోలీసులున్నారు. ఇది మన అలవాటు గురించి.

ఈ పరీక్ష చరిత్ర కొంచెం చెబుతాను, ఎందుకంటే దాని బలం ఎక్కడుందో అందులోనే తెలుస్తుంది. ఎంఓటీ అంటే మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్. ఆ పేరుతో మంత్రిత్వ శాఖ ఇప్పుడు లేదు, పరీక్షకి మాత్రం పేరు అతుక్కుపోయింది. 1960లో, ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. అప్పట్లో పదేళ్లు దాటిన బండ్లకే. బ్రేకులు, లైట్లు, స్టీరింగు చూసేవాళ్లు. ఆ వయసు ఏడేళ్లకి, 1967 నుంచి మూడేళ్లకి దిగింది. 2023లో మొదటి పరీక్షను నాలుగో ఏటికి జరుపుదామా అని ప్రభుత్వం ప్రజల అభిప్రాయం అడిగింది, మరుసటి ఏడాది ఆ ఆలోచన మానుకుంది. నార్తర్న్ ఐర్లండ్‌లో మాత్రం నాలుగేళ్లే. ఇవన్నీ ఒక ఎత్తు, 2005లో మొదలై కంప్యూటర్ మీదకి ఎక్కడం ఒక ఎత్తు. అప్పటి నుంచి ప్రతి పరీక్షా, పాసైనదీ ఫెయిలైనదీ, ఒకేచోట నమోదవుతోంది. డీవీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ దాన్ని చూసుకుంటుంది. గవ్ డాట్ యూకేలో నంబరు కొడితే చాలు, కారు మీదై ఉండనక్కర్లేదు, లాగిన్ లేదు, ఓటీపీ లేదు. పరీక్ష ఎక్కడ జరిగిందో కూడా కావాలంటే మాత్రం లాగ్‌బుక్, అంటే వీ5సీ మీద ఉండే 11 అంకెల నంబరు కావాలి. అది ఓనరు దగ్గరే ఉంటుంది.

ఆ దెబ్బ తర్వాత నాకు ఒక పిచ్చి పట్టింది. టివిడేల్ బాలాజీ గుడికి వెళ్తే దర్శనం క్యూ కన్నా ముందు కార్ పార్కులో నిలబడి కనిపించిన నంబర్లన్నీ కొట్టి చూసేవాణ్ణి. మా ఆవిడ తిట్టి మాన్పించింది. కానీ ఓ యాభై అరవై చరిత్రలు చదివాక నాకు చదవడం వచ్చింది. వచ్చినంత మీతో పంచుకుంటాను, వీలైతే గ్రూపులో పిన్ చేయండి.

ముందు భాష. 2018 మే 20 నుంచి లోపాలకి మూడు మెట్లు పెట్టారు. డేంజరస్, మేజర్, మైనర్. మొదటి రెండూ ఫెయిల్. మైనర్ ఉన్నా పాసే, కానీ త్వరగా బాగుచేయించాలి. వీటికి బయట అడ్వైజరీ అని ఇంకోటి ఉంటుంది. ఇప్పటికి ఫర్వాలేదు, కనిపెట్టి ఉండు అని దాని అర్థం. మనవాళ్లు చూసేది పాస్ అన్న ఆకుపచ్చ మాట. చూడాల్సింది దాని కింద ఉన్న ఈ అడ్వైజరీలు. ఇక నియర్‌సైడ్, ఆఫ్‌సైడ్ అని రాస్తారు. మొదట్లో నాకు తికమకగా ఉండేది. నియర్‌సైడ్ అంటే ఫుట్‌పాత్ వైపు, మన లారీ భాషలో క్లీనర్ సైడు. ఆఫ్‌సైడ్ అంటే డ్రైవర్ సైడు. బాబాయి లారీ అలా ఇక్కడ అక్కరకొచ్చింది.

ఒక ఏడాది టైరు అరిగిందని ఉంటే భయపడకండి. టైర్లు అరుగుతాయి, మార్చేస్తారు. ఇక్కడ చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. దానికి దగ్గరపడగానే టెస్టరు రాస్తాడు. అదే టైరు లోపలి అంచు మాత్రమే, అదే మూల, రెండు మూడేళ్లు వరసగా అరుగుతోందని ఉంటే అక్కడ అలైన్‌మెంటో, సస్పెన్షనో తేడా ఉందన్నమాట. టైరు మార్చారు, రోగం మార్చలేదు. బ్రేక్ ప్యాడ్లు, బల్బులు, వైపర్ బ్లేడ్లు ఇవన్నీ మామూలు ఖర్చులే. నేను ఆగి చదివేది తుప్పు అన్న మాట దగ్గర. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది చక్రాలతో పాటు లేచి కారు అడుగున పేరుకుంటుంది. మన ఊళ్లో పదిహేనేళ్ల కారు ఇంజిన్ పోయి పడుకుంటుంది. ఇక్కడ ఇంజిన్ దివ్యంగా ఉండగానే అడుగు ఊడి పడుకుంటుంది. పైన ఎంత కడిగి తుడిచినా ఫొటోలో ఆ అడుగు కనబడదు.

ఫెయిలైన కారు కొనొద్దని కొందరంటారు, అది తప్పు. ఫెయిలై, అదే రోజో రెండ్రోజులకో పాసైతే, చెప్పింది చెప్పినట్టు బాగుచేయించారని అర్థం. అలాంటి ఓనరు నాకు ఇష్టం. పద్నాలుగేళ్ల కారుకి ఏ ఏడాదీ ఒక్క అడ్వైజరీ కూడా లేకపోతే మాత్రం నాకు అనుమానం వస్తుంది. అంత ఆరోగ్యంగా మనమే లేం. కారును పరీక్ష చేసే బేలోకి తేకుండానే సర్టిఫికెట్ ఇచ్చేసే గ్యారేజీలు అక్కడక్కడా ఉంటాయి. దాన్ని ఇక్కడ ఘోస్ట్ ఎంఓటీ అంటారు, డీవీఎస్‌ఏకి దొరికితే లైసెన్సు పోతుంది, కేసులూ అవుతాయి. నిరుడు అడ్వైజరీలో ఉన్న తుప్పు ఈ ఏడు మాయమైతే రిపేరు బిల్లు అడగండి. తుప్పు దానంతటది తగ్గే జబ్బు కాదు.

మధ్యలో ఏడాది ఖాళీ ఉందనుకోండి. కారును రోడ్డు మీద నుంచి తీసేసి సార్న్ అని ప్రభుత్వానికి చెప్పి ఇంట్లో పెట్టుకుని ఉండొచ్చు. 2020లో అయితే అసలు అనుమానించకండి. కోవిడ్ వచ్చాక, ఆ మార్చి 30 నుంచి గడువు తీరే కార్లకి ఆరు నెలలు పొడిగించారు, ఆగస్టులో మళ్లీ మామూలు చేశారు. ఈ సంగతి తెలియక ఒక కుర్రాడు మంచి కారును వదిలేసుకోవడం చూశాను.

ఇక రీడింగ్. మన వాళ్లు "మైలేజ్ ఎంత?" అని అడిగితే లీటరుకి ఎంత ఇస్తుందని. ఇక్కడి వాళ్లకి ఆ మాటకి అర్థం ఇప్పటిదాకా ఎన్ని మైళ్లు తిరిగిందని. కొత్తగా వచ్చిన మా రూమ్మేట్ ఒకడు డీలరు "తొంభై రెండు వేలు" అంటే ఐదు నిమిషాలు బిత్తరపోయి చూశాడు. ప్రతి ఎంఓటీలో ఆ రోజు రీడింగ్ ఎక్కిస్తారు. పోయినేడాది మాకు చెల్లెలి వరస అయ్యే అమ్మాయి లెస్టర్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ చదువుకుంటూ కేర్ హోమ్‌లో పని చేస్తోంది. కారు చూసింది, 74 వేలు తిరిగింది, బాగుంది, 200 పౌండ్లు అడ్వాన్సు కూడా ఇచ్చేసింది. "అన్నయ్యా, ఒకసారి చూసిపెట్టు" అంది. నంబరు కొట్టాను. 2021లో 98,412. 2022లో 1,09,870. 2023లో 71,036. కారు వెనక్కి నడిచినట్టుంది! అమ్మే మనిషిని అడిగితే డ్యాష్‌బోర్డు మార్పించానన్నాడు. అలా జరగకూడదని లేదు, జరుగుతుంది. మరి దాని బిల్లేది అంటే లేదు. ఆ పిల్ల 200 వదిలేసుకుని వచ్చింది. రెండు రోజులు ఏడ్చింది. దాని రెండు షిఫ్టుల జీతం అది. మీటరు తిప్పిన సంగతి తెలిసీ చెప్పకుండా అమ్మడం ఇక్కడ నేరం, అది వేరే సంగతి. నాకు మండింది ఏంటంటే, ఆ ప్రకటన మూడు తెలుగు గ్రూపుల్లో తిరిగింది, మూడింటిలోనూ ప్లేటు మీద ఒక పువ్వు బొమ్మ.

ఒక్క ఏడాది రీడింగ్ మాత్రం తేడాగా ఉండి, ముందూ వెనకా సరిగ్గా ఉంటే అది టెస్టరు ఒక అంకె తప్పు కొట్టి ఉంటాడు. మీ సొంత కారుకి అలా జరిగితే పరీక్షైన 28 రోజుల్లోపు ఆ గ్యారేజీకే చెప్పి సరిచేయించుకోండి. లేకపోతే అమ్మేనాడు మీరు దొంగలవుతారు.

ఈ చరిత్ర చూస్తే అంతా తెలిసిపోతుందని నేను చెప్పను. ఎంఓటీ ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎలా ఉన్నాయో చూడదు. పాసైన సాయంత్రమే క్లచ్ పోవచ్చు. యాక్సిడెంటై ఇన్సూరెన్సు కంపెనీ రైటాఫ్ చేసిందా, దొంగ కారా, ఎవరి ఫైనాన్స్ అయినా మిగిలి ఉందా అన్నవి ఇందులో ఉండవు. వాటికి డబ్బు కట్టి చేయించే ప్రైవేటు చెక్‌లున్నాయి. రెండు వేలు పెట్టేచోట ఆ పది ఇరవై పౌండ్లకి వెనకాడకండి. మూడేళ్ల లోపు కారుకైతే అసలు చరిత్రే ఉండదు. ఇంకో సంగతి, 2014 అక్టోబరు నుంచి రోడ్ ట్యాక్స్ కారుతో పాటు రాదు. "ట్యాక్స్ ఆరు నెలలుంది" అని ప్రకటనలో రాస్తే కొనేవాడికి దాంతో పైసా లాభం లేదు, ఇంటికి నడుపుకుని వెళ్లేముందే తన పేరు మీద కట్టుకోవాలి. అయినా మన ప్రకటనల్లో ఆ వాక్యం ఇంకా కనబడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు. కొందరు అడ్మిన్లతో ముందే మాట్లాడాను కాబట్టి తెలుసు.

"నంబరు బయట పెడితే దొంగలు అదే నంబరుతో ప్లేటు చేయించుకుని తిరుగుతారు, ఫైన్లు మనకొస్తాయి." ఈ భయం ఉత్తిది కాదు. ప్లేటు క్లోనింగ్ ఇక్కడ జరుగుతోంది. కానీ ఆ కారు రోజూ రోడ్డు మీద, సూపర్ మార్కెట్ బయట, ఆఫీసు పార్కింగ్‌లో ప్లేటు కనిపించేలానే నిలబడుతోంది. వెయ్యి మంది అపరిచితులు చూసే నంబరును మూడొందల మంది మనవాళ్ల దగ్గర దాచడంలో నాకు లాజిక్ కనబడలేదు. ఐనా సరే, ఫొటోలో కప్పుకోండి. మెసేజ్‌లో రాయడం ఇష్టం లేకపోతే అడిగినవాళ్లకి, కారు చూడటానికి రాకముందే ఇస్తానని రాయండి. ముఖ్యం ఏంటంటే, కొనేవాడు బస్సెక్కి రెండు గంటలు ప్రయాణం చేసి, టీ తాగి, మొహమాటంలో పడకముందే నంబరు అతని చేతిలో ఉండాలి.

"మేం బ్రోకర్లం కాదు, మాకెందుకీ బాధ్యత?" నిజమే, కాదు. కానీ గది అద్దెల ప్రకటనల్లో పోస్ట్‌కోడ్ ఉండాలని మీరే రూలు పెట్టారు. వీసా ఏజెంట్ల ప్రకటనలు తీసేస్తారు. రాజకీయాలు మాట్లాడితే తీసేస్తారు. సినిమా హీరోల గొడవైతే నిమిషంలో గ్రూపుకి తాళం వేస్తారు. ఇదీ అలాంటి ఒక లైనే.

"మనవాళ్లని మనమే అనుమానిస్తే ఎలా?" ఈ మాట అన్నవారు పెద్దవారు, నాకు గౌరవం. కానీ గమనించండి, మనవాడి దగ్గర కొనేటప్పుడే మనకి రక్షణ తక్కువ. డీలరు దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, కారులో లోపముంటే 30 రోజుల్లోపు తిప్పి ఇచ్చి డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి అది వర్తించదు. చెప్పిన వర్ణనకీ కారుకీ తేడా ఉంటేనో, అబద్ధం చెప్పారని చూపగలిగితేనో తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. అమ్మేవాళ్లూ ఒకటి తెలుసుకోవాలి. రోడ్డు మీద తిరగడానికి పనికిరాని కారును అమ్మడం 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం కింద నేరం. అమ్మేది డీలరు కాకపోయినా నేరమే. ఎంఓటీ సర్టిఫికెట్ అన్నది పరీక్ష జరిగిన రోజు కారు ఎలా ఉందో చెప్పేది, ఈ రోజు ఎలా ఉందో కాదు. కాబట్టి నంబరు ముందే ఇవ్వడం అమ్మేవాడికీ కవచమే. "నువ్వు చూసుకునే కొన్నావు కదా తమ్ముడూ" అనగలగాలి ఆయన. నన్ను కూడా ఆ అన్న అలా అనగలిగితే మా ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయేవి కావు. మా ఊరి పెళ్లిలో ఎదురైతే ఇప్పటికీ ఇద్దరం వేరే వైపు చూస్తాం. 1,450 పౌండ్ల కన్నా నాకు అదే బాధ.

సంఘాల పెద్దలకి ఇంకో చిన్న విన్నపం. సెప్టెంబరులో, జనవరిలో కొత్తగా వచ్చే విద్యార్థులకి మీరు పెట్టే మీటింగుల్లో బ్యాంకు ఖాతా, డాక్టరు రిజిస్ట్రేషన్, సిమ్ కార్డు గురించి చెబుతారు. దానిలో ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి. హాల్లో ప్రొజెక్టర్ ఉంటుంది కదా, బయట పార్కింగ్‌లో ఉన్న మీ కారు నంబరే కొట్టి తెర మీద చూపించండి. మీ అడ్వైజరీలు చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. దాంతో పాటు ఎంఓటీ గడువు దగ్గరపడితే ఫోన్‌కి మెసేజ్ వచ్చే ఉచిత రిమైండర్ కూడా ఉందని చెప్పండి. గడువు దాటాక నడిపితే వెయ్యి పౌండ్ల దాకా ఫైను. పరీక్ష ఫీజు చూస్తే కారుకి 54.85 పౌండ్లు మించకూడదు, చాలా గ్యారేజీలు అంతకన్నా తక్కువే తీసుకుంటాయి.

చివరగా నా సంగతి. ఇల్లు మారుతున్నాం, రెండో కారు అమ్మేస్తున్నాను. 2015 సెప్టెంబరు బండి, 65 ప్లేటు. పోయిన ఆదివారం ప్రకటన ఇలా పెట్టాను: మొదటి లైనులో పూర్తి నంబరు. రెండో లైనులో రీడింగ్, ఎంఓటీ మార్చి దాకా. మూడో లైనులో, నిరుడు వచ్చిన అడ్వైజరీలు రెండు: క్లీనర్ సైడు ముందు టైరు అరిగింది, మార్పించాను, బిల్లు ఉంది, వెనక స్ప్రింగులకి కొద్దిగా తుప్పు, మార్పించలేదు. ధర 3,200.

ఇద్దరు ఫోన్ చేశారు. మొదటి ఆయన స్ప్రింగుల మాట చదివి 2,700కి అడిగాడు, కుదరదన్నాను. రెండో ఆయన వరంగల్ కుర్రాడు, రాకముందే చరిత్రంతా చదువుకుని వచ్చాడు. 2021లో ఒకసారి ఎగ్జాస్ట్ మీద ఫెయిలైన సంగతి నేను మర్చిపోయాను, అతను గుర్తుచేశాడు. టార్చ్ వేసుకుని కారు కింద పడుకుని స్ప్రింగులు చూశాడు. లేచి చొక్కా దులుపుకుని మూడు వేలకి అడిగాడు. ఇచ్చేశాను. టీ ఆ తర్వాత తాగాం.

ఇట్లు,
కోవెంట్రీ నుంచి ఒక గ్రూపు సభ్యుడు